కూర్చుని చేసే పనే కదా!

మా చింతమడక ఫొటో మీరు చూసే ఉంటారు. ఊరి పేరు గుర్తుండకపోవచ్చు. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలకు, మళ్లీ 2024 మే 13న పార్లమెంటు ఎన్నికలకు కె. చంద్రశేఖరరావు గారు పుట్టిన ఊరికొచ్చి ఓటు వేశారు. పేపర్లవాళ్లు, టీవీలవాళ్లు బారులు తీరారు. 2019 జూలై 22న ఆయన ముఖ్యమంత్రి హోదాలో వచ్చి ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయల లబ్ధి చేకూరుస్తామని ప్రకటించిన రోజు అంతే. 2025 సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మకు కవితగారు వచ్చిన రోజూ అంతే. అలాంటప్పుడు మా ఊళ్లో మనుషులకంటే కెమెరాలే ఎక్కువ కనిపిస్తాయి. పొద్దుగూకేసరికి ఒక్కటీ ఉండదు.

మరి మిగతా రోజుల్లో? పసిపాపకు తొట్టెల, ఈడొచ్చిన పిల్లకు శారీ ఫంక్షన్, పెళ్లి, కొత్తింటి దావత్, దుబాయి నుంచి రాబోయే పెళ్లికొడుక్కి చూపించడానికి అమ్మాయి ఫొటో, ఆఖరికి కాలం చేసిన ముసలాయన దశదినకర్మకు ఫ్లెక్సీ... అన్నిటికీ ఫొటో కావాలి. తీసిన ఫొటోని దిద్ది, అక్షరాలు పేర్చి, అందంగా కూర్చే చెయ్యి కావాలి. అలాంటి చెయ్యి ఒకటి మా వాడకట్టులోనే ఉంది. పాతికేళ్ల పిల్ల, డిగ్రీ చదివింది, ఈ ఊరి కోడలు. పెళ్లికి ముందు సిద్దిపేటలో ఒక స్టూడియోలో రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు ఇంటి ముందరి గదిలో కంప్యూటర్ పెట్టుకుంది. నాకు వరసకు అక్క కూతురవుతుంది, చిన్నమ్మా అని పిలుస్తుంది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. పనికి పేరుండాలని ఇంత పొడుగు వ్యాసం రాస్తూ ఆ పిల్ల పేరే రాయలేదేమని మీరడగొచ్చు. తనకు పైసలు బాకీ ఉన్నవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారని దాని భయం!

ఆమె చేసేదాన్ని ఇప్పుడు ‘ఫ్రీలాన్సింగ్’ అంటున్నారు. మా చిన్నప్పుడు ‘సొంతంగ చేసుకుంటుంది’ అనేవాళ్లు. జీతం లేదు, సెలవు లేదు, పైన ఆఫీసరు లేడు. లేడంటే, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఆఫీసరే. ‘ఇంటిపట్టున ఉంటూ సంపాదించండి’ అని వచ్చే కబుర్లలో ఒక అమ్మాయి కిటికీ పక్కన కాఫీ కప్పుతో, ల్యాప్‌టాప్‌తో నవ్వుతూ ఉంటుంది చూశారా? ఆ బొమ్మకూ మా పిల్ల రోజుకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

పొద్దున వాకిట్లో నీళ్లు చల్లే వేళకే ఫోన్లో నాలుగు మెసేజీలుంటాయి. ‘అక్కా, ఫ్లెక్సీ అర్జెంటు, పది గంటలకు కట్టాలె.’ దానికి పంపే ఫొటో ఎలాంటిదనుకున్నారు? ఆధార్ కార్డు మీది ఫొటోని ఫోన్‌తో మళ్లీ తీసిన ఫొటో. గోరంత బొమ్మను పదడుగుల బ్యానరు మీదికి పెంచాలి. తాతయ్య నెత్తిన రుమాలు ఉండాలి, వెనక గోడ పోవాలి, మొహంలో కాస్త నవ్వు రావాలి. కింద కొడుకులూ కోడళ్లూ, బిడ్డలూ అల్లుళ్లూ, మనుమలూ మనుమరాండ్లూ. వరస తప్పిందా, కర్మ పక్కనపెట్టి లొల్లి మొదలు. పెద్దల్లుడి పేరు చిన్నల్లుడి పేరు కిందికొచ్చిందని ఒకసారి అన్నం ముట్టకుండా లేచిపోయిన ఇల్లు నాకు తెలుసు.

అక్షరాల గొడవ ఇంకొకటి. మనం ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. ఫ్లెక్సీ దుకాణాల్లో, ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలాచోట్ల నడిచేది అను ఫాంట్లు. ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు గంతులేస్తాయి. కూర్చుని మళ్లీ అక్షరం అక్షరం చూసుకోవాలి. ‘శ్రద్ధాంజలి’లో ధ కింద పొట్ట గీత పోతే చదివేవాళ్లు పట్టించుకోకపోవచ్చు గానీ ఈ పిల్ల పట్టించుకుంటుంది. అందుకే నాకు దానంటే ఇష్టం. పురుషోత్ కుమార్ గారు గీసి, సిలికానాంధ్ర వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చిన మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఖతులొచ్చాక పెళ్లి కార్డుల్లో మంచి తెలుగు అక్షరం పెట్టగలుగుతున్నానంటుంది.

ఇక పెళ్లి పని. ఒక్క పెళ్లికి మూడు, నాలుగు వేల ఫొటోలు తీస్తుంది. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. ‘ఇంకోసారి పెట్టండి సార్’ అనడానికి వీల్లేదు (అనేవాళ్లూ ఉన్నారనుకోండి, పంతుళ్లు కూడా అలవాటుపడిపోయారు). అక్షింతలు పడే వేళకు ముందు వరసలో చుట్టాలందరూ ఫోన్లు ఎత్తుతారు. వాటి సందుల్లోంచి తీయాలి. నడిరాత్రి ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కోకముందే కార్డులోని ఫొటోలు రెండుచోట్ల దాచాలి. కార్డు చెడితే ఆ పెళ్లి మళ్లీ జరగదు కదా. తర్వాత నాలుగు వేలల్లోంచి కళ్లు మూసినవి, తల తిప్పినవి తీసేసి ఆల్బానికి పనికొచ్చేవి ఏరాలి. రంగు సరిచూడాలి. పసుపు రాసిన మొహం పసుపు రాసినట్టే ఉండాలి, పచ్చకామెర్లొచ్చినట్టు ఉండకూడదు. ఒక్కో ఆల్బానికి వారం పదిరోజులు రాత్రిళ్లు పడుతుంది. పగలు దాని చేతిలో లేదు మరి.

ఆల్బం దిద్దేటప్పుడు అమ్మలు అడిగేది ఒకటుంది. ‘బిడ్డా, కొంచెం తెల్లగ చెయ్యి.’ అడగని తల్లి అరుదట. పెళ్లిచూపుల కోసం పంపే ఫొటోకైతే తప్పనిసరి. చామనఛాయ పిల్లను సున్నం కొట్టిన గోడలా చేసి పంపిస్తే, అబ్బాయి తరఫువాళ్లు వచ్చినప్పుడు తలదించుకు కూర్చునేది ఎవరు? ఆ పిల్లే! ‘వెలుతురు సరిచేస్త గాని రంగు మార్చ చిన్నమ్మా’ అంటుంది మా పిల్ల. దానివల్ల రెండు మూడు బేరాలు పోయాయి కూడా. పోనీ.

డిజైన్ ఫ్రీ!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ పనంతటికీ ధర ఎవరు కడతారు, ఎలా కడతారు?

ఫ్లెక్సీ దుకాణంలో లెక్క చదరపు అడుగుల్లో ఉంటుంది. గుడ్డకు ధర ఉంది, ఇంకుకు ధర ఉంది. డిజైనో? ‘అది ఫ్రీ.’ దుకాణదారు గిరాకీ నిలుపుకోవడానికి అలా అంటాడు. అతనేమీ నష్టపోడు, గుడ్డ మీద రాబట్టుకుంటాడు. అమ్మడానికి గుడ్డ లేని మనిషి సంగతేమిటి? ఈ పిల్ల దగ్గరున్నది డిజైన్ ఒక్కటే. దాన్నే ఊరంతా ఉచితమని అలవాటుపడితే ఆమె దేనికి ధర చెప్పాలి? ‘పది నిమిషాల పనే కదా! కూర్చుని చేసే పనే కదా!’ అంటారు. ఈ మాట అనేది ఎక్కువగా మగవాళ్లే అనుకుంటున్నారేమో, కాదు. ఫంక్షన్లకు ఫొటోల బేరం మాట్లాడేది చాలా ఇళ్లల్లో మనమే. బంగారం దుకాణంలో తరుగు, మజూరీ అంటే మారుమాట్లాడకుండా తలూపి వస్తాం. కూరగాయల బండి దగ్గరా, ఫొటోలు తీసే పిల్ల దగ్గరా మాత్రం నోరు లేస్తుంది మనకు.

ఎందుకిలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఇంట్లో కూర్చుని ఆడది చేసే ఏ పనైనా ఇంటిపనిలో కలిసిపోతుంది. వంటకు ధర లేదు, పిల్లల్ని చదివించడానికి ధర లేదు, అదే గదిలో చేసే డిజైన్‌కి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారట. 289 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. మా పిల్ల ఆ ఐదు గంటలు తీశాకనే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. కూర్చుంటే అత్తమ్మ అంటుంది, ‘పొద్దందాక ఆ డబ్బా ముంగటనే కూసుంటది’ అని. గిరాకీలు, ‘ఇంట్లోనే ఉంటవు గదా, ఇంకా చేయలేదా?’ అంటారు. రెండువైపులా కూర్చున్న నేరమే.

నాకు ఇది తెలియని సంగతి కాదు. నా మొదటి కథ అచ్చయినప్పుడు మా ఇంట్లో వినిపించిన మొదటి ప్రశ్న ‘పైసలెన్నిచ్చిన్రు?’ అని. అది న్యాయమైన ప్రశ్నే. ఒకసారి నా కథను ఒక సంకలనంలో వేసుకున్నారు. అడగలేదు, చెప్పలేదు, ప్రతి కూడా పంపలేదు. నేనే వెళ్లి డబ్బులిచ్చి కొనుక్కున్నాను నా కథని!

మా పిల్ల బీరువాలో మూడు పెళ్లి ఆల్బాలున్నాయి. మూడు జంటలకూ పిల్లలు పుట్టేశారు. ఆల్బం అచ్చు వేయించడానికి ల్యాబుకు ముందు తనే డబ్బు కడుతుంది. ‘పెండ్లి అయిపోయినంక ఇస్తం బిడ్డా’ అంటారు, అయిపోయాక ఇవ్వరు. పెళ్లి ఖర్చుల్లో ఫంక్షన్ హాలువాళ్లూ వంటవాళ్లూ ఆ రోజే పుచ్చుకుని కదులుతారు. ఫొటోలవాళ్ల పని పెళ్లయ్యాక మొదలవుతుంది కాబట్టి బాకీ వాళ్లకే మిగులుతుంది. అదీ కిటుకు.

ఆదాయం పంచాంగం మీద నడుస్తుందని వేరే చెప్పాలా? ఆషాఢం పోతుంది, శూన్యమాసం పోతుంది. 2025 నవంబర్ చివర మొదలైన శుక్రమౌఢ్యం 2026 ఫిబ్రవరి దాకా ముహూర్తాలే లేకుండా చేసింది. అన్ని వారాలు పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీరల దుకాణం తట్టుకుంటుంది, కెమెరాకు వాయిదాలు కట్టే మనిషి తట్టుకోదు. ముహూర్తాలున్న రోజుల్లో కోమటిచెరువు దగ్గరా, రంగనాయకసాగర్ కట్టమీదా ప్రీ వెడ్డింగ్ జంటలు వరసగా నిలబడతారు. ఒక జంట చున్నీ ఎగరేస్తుంటే ఇంకో జంట తమ వంతు కోసం ఎండలో నిలబడుతుంది. లేని రోజుల్లో అవే చోట్ల మేకలు తిరుగుతాయి.

బనానా చీర

ఇవి చాలవన్నట్టు 2025లో ఇంకో రెండు గాలులొచ్చాయి. మార్చిలో చాట్‌జీపీటీతో జపాను కార్టూన్ బొమ్మలు, ‘జిబ్లీ’ అన్నారు. సెప్టెంబర్‌లో గూగుల్ జెమినీ ‘నానో బనానా’ చీరలు. ఆ చీరలు మీరూ చూశారు, కొందరు కట్టుకున్నారు కూడా! ఫోన్లో మన ఫొటో ఒకటి వేస్తే షిఫాన్ చీర కట్టి, కొప్పులో పూలు పెట్టి, వెనక పొద్దుగూకే ఎండ పోసి, పాత సినిమాల హీరోయిన్‌లా కూర్చోబెడుతుంది. కానీ ఖర్చు లేదు. మా మహిళా సంఘంలో సగంమంది వారం రోజులు అవే డీపీలు. అరవయ్యేళ్ల రాజవ్వను కూడా అలా చేసి చూపిస్తే, ‘ఇది నేనెట్లయితనే, మా సెల్లె గిట్ల ఉండేది’ అని నవ్వింది (రాజవ్వ అసలు పేరు అది కాదులెండి).

సరదాను తప్పుపట్టడం లేదు. చెప్పొచ్చేదేమంటే ఆ వారమే మా పిల్లకు సీమంతం ఫొటోల బేరం ఒకటి పోయింది. ‘ఫోనే తీసి పెడుతుంది గదమ్మా’ అన్నారట. బర్త్‌డే పోస్టర్లు, పండుగ శుభాకాంక్షల బొమ్మలు అంతకుముందు నుంచే తగ్గుతున్నాయి. ఎవరి ఫోన్లో వాళ్లే చేసుకుంటున్నారు. ఇవన్నీ చిన్న పనులే, వీటితో ఎవరూ బాగుపడరు. అయితే కొత్తగా నేర్చుకునే పిల్లలు మొదట చేతులు తిప్పుకునేది ఈ చిన్న పనుల మీదే. కుట్టు నేర్చుకునేవాళ్లు పికోతో మొదలుపెట్టినట్టు. కింది మెట్టు తీసేస్తే పై మెట్టుకు ఎగిరి ఎక్కమని చెప్పాలి. నాకు ఈ గాలి విషయంలో అన్నిటికంటే పెద్ద దిగులు ఇదే.

ఆ పిల్ల ఆ యంత్రాలను తిట్టదు. వాడుకుంటుంది కూడా. పెళ్లి ఫొటో వెనక కరెంటు స్తంభం, వైరు పోవాలంటే పూర్వం గంట పట్టేది, ఇప్పుడు నిమిషం. తెలుగు అక్షరాల దగ్గర మాత్రం అవి తరచు బోల్తాపడతాయి. ‘శుభాకాంక్షలు’ రాయమంటే జిలేబీలు చుట్టి ఇచ్చిన బొమ్మ ఒకటి నాకు చూపించింది. ఇవాళ తప్పురాసినా రేపు నేర్చుకుంటాయనుకోండి. నేర్చుకోలేనిది వేరే ఉంది. ఆ చీర ఎవరూ నేయలేదు, ఆ సాయంత్రం ఎక్కడా జరగలేదు. మన కడుపుతో ఉన్న కూతురి పక్కన గాజులు తొడుగుతున్న మన అమ్మ చేతులు, ఆ చేతుల మీది ముడతలు... అవి ఆ గదిలో నిలబడి చూసిన మనిషే తీయాలి.

పనిలో పని ఒక జాగ్రత్త. అదే సెప్టెంబర్‌లో ఈ చీరల మోజు మీద ఐపీఎస్ అధికారి సజ్జనార్ గారు హెచ్చరించారు, నకిలీ సైట్లలో, ఆప్‌లలో ఫొటోలు, సొంత వివరాలు పెడితే ఖాతాలో డబ్బు కూడా పోవచ్చని. మొహం ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి. మన వాడకట్టు ఫొటోగ్రాఫర్‌కైతే ఇల్లు తెలుసు, అమ్మానాన్న తెలుసు, అడగడానికి గుమ్మం ఉంది.

ఆడది కెమెరా పట్టడం మన దగ్గర నిన్నటి ముచ్చట కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. పరదా చాటున ఉండే బేగములు పరాయి మగవాడి ముందుకు రారు కదా. అందుకని దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. నూట ముప్పయ్యేళ్లు గడిచినా ఆ అవసరం అలాగే ఉంది. పసుపు రాసే వేళ, పురిటి గదిలో, శారీ ఫంక్షన్ రోజు పదమూడేళ్ల పిల్ల సిగ్గుతో ముడుచుకున్నప్పుడు ఆడమనిషే కెమెరా పట్టుకుంటే ఇంట్లోవాళ్లకు తెరిపిగా ఉంటుంది. మా పిల్లకు దొరికే మంచి బేరాలు ఇవే. అయినా పెళ్లి దగ్గరికొచ్చేసరికి ‘మగాయన ఎవరన్న వస్తడా బిడ్డా?’ అని అడుగుతారు. మొగుణ్ణి లైటు పట్టుకోవడానికి వెంట తీసుకెళ్తే, అడ్వాన్సు అతని చేతిలో పెడతారు!

హోమాయ్ వ్యారావాలా పేరు విన్నారా? మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్. 1913లో పుట్టి 2012లో పోయారు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అంతటి మనిషి తొలిరోజుల్లో తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆడది, పైగా ఎవరికీ తెలియని మనిషి, ఆమె పేరు వేస్తే విలువేముంటుందని. పేరంటే సోకు అనుకుంటాం గానీ, కాదు. పేరు కింద ఉంటేనే తర్వాతి బేరం వస్తుంది. మంచి ఆల్బం చూసినవాళ్లు ‘ఎవరు చేసిన్రు?’ అంటే ‘ఎవరో సిద్దిపేట వాళ్లు’ అని జవాబొస్తే, ఆ పిల్ల చేసిన పది రాత్రుల పని అక్కడితో ఆరిపోయినట్టే.

ఒక ఊరిని పట్టుకుని ఉండటం వల్ల వచ్చే పనితనం ఎలా ఉంటుందో మాకు దూరం వెతకక్కర్లేదు. కాపు రాజయ్య గారు (1925-2012) సిద్దిపేటలో పుట్టి, సిద్దిపేటలోనే ఉండి, బతుకమ్మలను, బోనాలెత్తిన ఆడవాళ్లను రంగుల్లో నిలబెట్టారు. 2022 జనవరి 31న కాలం చేసిన భరత్ భూషణ్ గారు వరంగల్ నుంచి వచ్చినవారు. పత్రికల్లో ఫొటోగ్రాఫర్‌గా చేశారు, తర్వాత ఒంటరిగా కెమెరా భుజాన వేసుకుని తెలంగాణ పల్లెల్లో బతుకమ్మను, ఇంటి గోడల్ని, తలుపుల్ని, ఆడవాళ్ల పనిపాటల్ని తీసుకుంటూపోయారు. ఏళ్ల తరబడి క్యాన్సర్‌తో పోరాడుతూనే ఆ పని చేశారు. ఇవాళ మన పల్లె గోడలు సున్నం నుంచి పెయింటుకు మారిపోయాక, ఎర్రమన్ను అలికిన గోడ ఎలా ఉండేదో పిల్లలకు చూపించాలంటే ఆయన ఫొటోలు కావాలి. అది ఎవరో బేరమిచ్చి చేయించుకున్న పని కాదు. సొంతంగా చేసుకునేవాళ్ల బతుకులో ఇలాంటి పనికి వేళ మిగలడమే గగనం. మా పిల్ల కూడా తీరినప్పుడల్లా ఊళ్లో ముసలమ్మల చేతుల పచ్చబొట్లు ఫొటో తీస్తోంది. నలభై దాకా అయ్యాయి. ఆ నలభై చేతుల్లో కొన్ని ఇప్పుడు లేవు.

చట్టం ఏమంటుంది?

ఇది తెలిసి నేను ఆశ్చర్యపోయాను, మీరూ పోతారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు డబ్బిచ్చినవాళ్లదే, వేరే ఒప్పందం రాసుకోకపోతే. తీసినవాళ్లది కాదు! కానీ అదే మనిషి గీసిన లోగో, పెళ్లి కార్డు డిజైన్ అలా కాదు. ఉద్యోగంలో భాగంగా కాకుండా సొంతంగా గీస్తే హక్కు గీసినవాళ్లదే. ఇంకొకరికి బదిలీ కావాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. ఎంతకాలానికో ఆ కాగితంలో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఒకే కంప్యూటర్లో ఒకే రాత్రి చేసిన రెండు పనులకు రెండు న్యాయాలన్నమాట.

దీన్లో మనకు పనికొచ్చే సంగతి కూడా ఉంది. మీరు డబ్బిచ్చి తీయించుకున్న మీ అమ్మాయి పెళ్లి ఫొటోను స్టూడియోవాళ్లు మిమ్మల్నడగకుండా ప్రచారానికి వాడుకోకూడదు. అలాగే తీసిన మనిషిని ‘తీసింది నేనే’ అని చెప్పుకోనివ్వకుండా ఆపడం మనవల్ల కాదు. హక్కు మన చేతికొచ్చినా, ఆ పని తనదని చెప్పుకునే హక్కు చేసినవాళ్లదేనని 57వ సెక్షన్ అంటుంది.

డబ్బు సంగతికొస్తే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఉంది. ఆధార్‌తో ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే ముందరి గదిలో కంప్యూటర్ కూడా సూక్ష్మ సంస్థే. పని పుచ్చుకున్నవాళ్లు ఎంత ఒప్పందమున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ చక్రవడ్డీ. వినడానికి ఎంత బాగుందో! దుకాణాలకూ, స్కూళ్లకూ, ఈవెంట్లు చేసే కంపెనీలకూ ఈ మాట గుర్తుచేస్తే పనిచేస్తుంది. మేనత్త ఆడబిడ్డ కొడుకు పెళ్లికి బాకీపడితే మాత్రం ఏ కౌన్సిల్‌కు ఎక్కుతుందా పిల్ల?

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. గిగ్ వర్కర్లు అనే మాట మొదటిసారి చట్టంలో కనిపించింది. కంపెనీలు తమ వ్యాపారంలోంచి 1 నుంచి 2 శాతం దాకా వాళ్ల సామాజిక భద్రతకు కట్టాలన్నారు. మన రాష్ట్రం కూడా 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల కోసం ముసాయిదా బిల్లు తెచ్చింది. మంచిదే, తిండి మోసే పిల్లలకూ, కార్లు నడిపేవాళ్లకూ అక్కరకొస్తుంది. అయితే అవి లెక్కవేసేది ఆప్ కంపెనీ ద్వారా పనిచేసేవాళ్లని. మా పిల్ల వెనక ఏ ఆప్ లేదు, కంపెనీ లేదు. ఆమె కోసం ఆ శాతం కట్టేదెవరు? అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరెక్కించుకోవచ్చు. కెమెరా మోసి మోసి మెడ పట్టేస్తే, నెలలు నిండినప్పుడు నాలుగు నెలలు పని మానుకుంటే, ఆ నాలుగు నెలలు పూడ్చేది మాత్రం ప్రస్తుతానికి ఆమె తల్లిగారిల్లే.

చట్టాలు ఇల్లు చేరేలోగా ఆ పిల్ల తన తిప్పలు తను పడుతోంది. ఇప్పుడు బేరం కుదిరిన రోజే వాట్సాప్‌లో తెలుగులో నాలుగు వాక్యాలు పంపి, ‘సరే’ అని జవాబు రాయించుకుంటోంది. సగం డబ్బు తారీఖు ఖాయం చేసిన రోజు, మిగతాది ఆల్బం ల్యాబుకు పంపేముందు. డిజైన్‌లో మార్పులు రెండుసార్లకే, మూడోసారి నుంచి వేరే ధర. మొహం రంగు మార్చేది లేదు. ఆల్బం ఆఖరి పేజీలో కింద చిన్న అక్షరాల్లో తన పేరు. ఈ నాలుగూ కలిసి కూర్చుని రాశాం, భాష నాది, పట్టుదల దానిది.

డబ్బు షరతుకు ఎవరూ పెద్దగా అడ్డం చెప్పలేదట. రెండుసార్ల షరతుకు కొంచెం మూతి ముడిచారు. అందరూ అడ్డుకున్నది ఆఖరి షరతు. ‘మా పెండ్లి ఆల్బంల నీ పేరెందుకు బిడ్డా?’ అని ఒక పెళ్లికూతురి తల్లి అడిగింది. ‘మీ పెండ్లిపత్రిక కింద ప్రెస్సు పేరున్నది గద అత్తమ్మా’ అంది ఇది. ఆవిడ పత్రిక తిప్పి చూసుకుని ఊరుకుంది. మొన్నటి ముహూర్తాలకు వచ్చిన మూడు బేరాల్లో ఇద్దరు నాలుగు షరతులకూ ‘సరే’ అని రాశారు. మూడోవాళ్లు సిద్దిపేటలో వేరే స్టూడియోకు పోయారు.